చుక్క పెట్టని గడి

మా ఇంట్లో మోడెమ్ మొదటిసారి కూసిన రోజున అవ్వ మేడ మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ, "ఎవురి బిడ్డ మే అట్ల ఏడస్తా ఉండేది?" అని అడిగింది.

"బిడ్డ కాదవ్వా, డబ్బా. టెలిఫోను తీగలో ఇంకో డబ్బాతో మాట్లాడతా ఉండాది," అన్నాను. అవ్వ నమ్మలేదు. కూత ఆగేదాకా నిలబడింది. ఆగాక కూడా చెవి ఒగ్గి కాసేపు విని దిగిపోయింది. నేను నవ్వుకున్నాను. ముసలివాళ్లకు ప్రతిదీ విడ్డూరమే అనుకునే వయసు నాది అప్పుడు.

తొంభైల చివరి సంవత్సరాలు అవి. మద్రాసు పేరు మారి కొంతకాలమైనా మా ఇంట్లో ఇంకా మద్రాసే. మా వాళ్లు ఈ ఊరికి వచ్చి ఎన్ని తరాలైందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాయపురంలో పడవల తాళ్లు, టార్పాలిన్లు టోకుగా అమ్మిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. నాకు కోపం తరచుగా వచ్చేది కాబట్టి రెండూ బాగానే వచ్చాయి. నాయన చిన్నగా ఉన్నప్పుడే తాత వాళ్ల అన్నదమ్ముల పంపకాల్లో గొడవలై రాయపురం ఇల్లు అమ్మేశారు. ఊళ్లో రెండు మూడు చోట్ల అద్దెకుండి, చివరికి మాధవరంలో పాల కాలనీ దాటాక చిన్న మేడ కట్టుకున్నాం. ఆ మేడమీది గది నాది, కంప్యూటరుది.

ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ఒకడు కత్తి పట్టినవాడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. తలుపు తీస్తే లోపల ఏముందో నడిపేవాళ్లకే తెలుసు. వేసిన దెబ్బ తగిలిందా తప్పిందా అనేది పాచికలు చెబుతాయి. అసలైతే ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడాలి. మాకు బల్ల లేదు. ఒకే ఊళ్లో ఉన్నా ఒకరి మొహం ఒకరు చూసినవాళ్లం కాదు, మద్రాసు కుర్రకారు కబుర్లాడుకునే ఒక చాట్‌లో తగిలినవాళ్లం. అప్పుడప్పుడే వచ్చిన ఒక ప్రోగ్రాం మాకు బల్ల పరిచేది. తెరమీద గళ్లు, గళ్లమీద నేను గీసిన పటం, పటంమీద తలా ఒక రంగు కాయ. పాచికలు కూడా అదే దొర్లించేది. ఎవరి కాయ ఎటు జరిగినా అందరి తెరలమీదా జరుగుతుంది. ఇంకా ఎవరూ అడుగుపెట్టని చోటు నల్లగా ఉంటుంది, కాయ దగ్గరికి వెళ్తేనే ఆ నలుపు తొలగుతుంది.

ఆ బల్లను నా కంప్యూటరే మోసేది కాబట్టి ఆట నడిపేదాన్ని నేనే. నలుగురు ఆటగాళ్లూ నన్ను సార్ అనేవాళ్లు. నేను దిద్దలేదు. సార్ అంటే చెప్పిన మాట వింటారు మగపిల్లలు.

ఒక చిక్కు ఉండేది. టెలిఫోను లైను తెగితే ఆ మనిషి పోతాడు గాని అతని కాయ పోదు. ఎక్కడుందో అక్కడే నిలబడి ఉంటుంది, పక్కన అతని పేరు కూడా వెలుగుతూనే ఉంటుంది. మనిషి లేడని తెలియక మిగతావాళ్లు దానితో మాట్లాడుతుంటారు, సలహాలడుగుతుంటారు, బదులు రాకపోతే కోప్పడుతుంటారు. పట్టపగలు, ఎండవేళ, ఫ్యాను కింద కూర్చుని చూస్తున్నా ఆ దృశ్యం నాకు వెన్నులో చలి పుట్టించేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం. అన్నాలు తిని ఇంటిల్లిపాదీ పడుకుంటే తప్ప ఫోను నా చేతికి దొరికేది కాదు. ఆ వేళకి మాధవరం మొత్తం చచ్చినట్టు పడి ఉండేది. వీధిలో కుక్క కూడా తలెత్తేది కాదు. ఆ నిశ్శబ్దంలో మోడెమ్ కూసేది. కూసిన ప్రతి ఆదివారం అవ్వ మెట్లెక్కి వచ్చేది.

నా వెనక చాప పరుచుకుని గోడకానుకుని కూర్చునేది. ఈ వయసులో కంప్యూటరు మీద మోజు పుట్టింది ముసలిదానికి అనుకున్నాను.

అవ్వకు నిజంగా మోజున్నది ఒక్కటే. రాయపురం ఇంటి పెరడు ఒక్కసారి చూసి రావాలి. పండగకి చీర కొంటామంటే వద్దని అదే అడిగేది, జ్వరమొచ్చి లేచినా అదే అడిగేది. ఇల్లు చూడాలని కాదు, పెరడు. "ముందర గదులు నాకెందుకు, ఎనకాల బాయి కాడికి పోయి ఒక్క చూపు చూసొస్తా," అనేది. నాయన ఒప్పుకునేవాడు కాదు. ఆ వీధి తొక్కనని తాతకు మాటిచ్చాడట. అమ్మిన ఇంటి గడప ముందు నిలబడి మా అమ్మకి పెరడు చూపించండని ఎవరిని అడుక్కోమంటావు అని విసుక్కునేవాడు. అవ్వ కళ్లలో పొర కమ్ముతోంది. చూపు ఉండగానే చూడాలని ఆమె తొందర. మాకెవరికీ ఆ తొందర పట్టలేదు.

ఒకసారి ఆటకి పాడుబడ్డ కోట కావలసి వచ్చింది. ఈ ఆటల్లో కోటలన్నీ ఇంగ్లీషువాళ్ల కోటలు. మంచు, కందకం, ఎత్తు బురుజులు. నేను పుట్టి బుద్ధెరిగాక మంచు చూసింది చేపల రేవులో బుట్టలమీద మాత్రమే. ఎంత గీసినా ఆ కోట మా స్కూలు లాగానే తయారవుతోంది. చికాకుపడి పెన్సిలు విసిరేస్తే, వెనక చాపమీంచి అవ్వ ఏమైందని అడిగింది. "పెద్ద ఇల్లు ఒకటి కావాల అవ్వా. పాతది. లోపల తిరిగితే దారి తప్పాల," అన్నాను.

"మన ఇంట్లో కొత్తోళ్లు దారి తప్పేటోళ్లు మే," అంది అవ్వ. కళ్లు మెరిశాయి.

కిందికి పోయి ముగ్గుపిండి గిన్నె తెచ్చుకుని, గది నేలమీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుక్క ఒక్కో బార అంది. వరుసలు వరుసలుగా చుక్కలు వేసి, వాటి చుట్టూ గీతలు లాగితే గోడలొచ్చాయి. వీధి తిన్నె, వంకర నడవ, మధ్యలో ఆకాశం కనబడే ముట్రం, చీకటి గది, మేడకు మెట్లు, వంటిల్లు, దాని వెనక పెరడు, పెరట్లో బావి. ఆ ముగ్గు ఇల్లు చూస్తూ ఉంటే నాకు మతిపోయింది. ఆటకు కావలసిన గళ్ల పటం అచ్చంగా నా కాళ్ల దగ్గర ఉంది. చుక్కకో గడి చొప్పున కంప్యూటరులోకి ఎక్కించేశాను.

పెరట్లో బావికి ఇవతల ఒక చుక్క తక్కువైంది. చుట్టూ అన్నీ ఉన్నాయి, మధ్యలో ఒకటి లేదు. మాధవరంలో మా ఇంటి ముందు అవ్వ పెట్టే ముగ్గు చూడడానికి పక్క వీధి ఆడవాళ్లు వచ్చేవాళ్లు, అంత కుదురైన చెయ్యి. అయినా పాపం చూపు తగ్గింది కదా, మరిచిపోయి ఉంటుందనుకున్నాను. అడగలేదు. అక్కడ గడి నేనే పెట్టుకుని, మట్టిరంగు పూసేశాను.

మరుసటి ఆదివారం నలుగురూ ఆ ఇంట్లోకి అడుగుపెట్టారు. అది మా ఇల్లని చెప్పలేదు, శాపం తగిలిన వర్తకుడి మేడ అని చెప్పాను. ముగ్గురు మామూలుగానే ఆడారు. గోడలు తడుముకున్నారు, చీకటి గదిలో ఇరుక్కున్నారు, నడవలో వెళ్లిన దారినే మళ్లీ వెళ్లి నన్ను తిట్టుకున్నారు. నాలుగోవాడిది ఆకుపచ్చ కాయ. అతను మితభాషి. ఎక్కడుంటాడో, ఏం చదువుతాడో ఎప్పుడూ చెప్పలేదు. తమిళాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు.

ఆ రోజు ఆకుపచ్చ కాయ నడవలో నలుపు తొలగకముందే మలుపు తిరిగింది. ముట్రం దాటి, వంటిల్లు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే అటు నడిచింది. గోడ తడమలేదు. పాచిక అడగలేదు. చీకట్లో మంచినీళ్లకు లేచినవాడు సొంత ఇంట్లో నడిచినట్టు నడిచింది.

నేను మొదట మండిపడ్డాను. నా కంప్యూటరులో దూరి పటం దొంగతనంగా చూశాడని అనుమానం. మోసం చేసేవాడిని పట్టుకోవడమంటే నాకు భలే సరదా. కళ్లు తెరకు అంటించి అతని కాయ వెంట పడ్డాను.

పెరట్లోకి వచ్చారు. అక్కడ బావి దగ్గరికి పోవాలి. ముగ్గురి కాయలూ తిన్నగా పోయాయి. ఆకుపచ్చ కాయ మాత్రం దారిలో ఒక గడి దగ్గర ఆగి, పక్కకు జరిగి, చుట్టూ తిరిగి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. తర్వాతి ఆదివారం ఆ పెరట్లో తోడేళ్లతో కొట్లాట పెట్టాను. ప్రాణం మీదికొచ్చి పరిగెత్తాల్సి వచ్చినా ఆ కాయ ఆ గడి తొక్కలేదు. చుట్టు తిరిగి పోయి, ఆ ఆలస్యానికి ఒక కాటు కూడా తిన్నది.

ఏ గడి అది అని చూస్తే, అవ్వ చుక్క పెట్టనిది. నేను పూడ్చింది.

పటం దొంగతనంగా చూసినా అందులో ఆ గడి మిగతావాటిలాగే మట్టిరంగులో ఉంటుంది, తప్పుకోవలసిన గుర్తేమీ లేదు. అక్కడ ఏదో తేడా ఉందని ఈ భూమ్మీద తెలిసింది అవ్వ చేతికి, నాకు. అంతే. వెనక్కి తిరిగి చూశాను. అవ్వ చాపమీద కూర్చునే ఉంది, కళ్లు మూసుకుని, నిద్రపోకుండా.

అవ్వతో అప్పుడే చెప్పలేదు. నాకు రుజువు కావాలి. తర్వాతి వారం ఆ గడిలో బంగారు కలశం పెట్టాను. కలశం కనబడగానే కత్తివాడి కాయ దూసుకుపోయింది. అప్పుడు ఆకుపచ్చవాడి మాట తెరమీద పడింది. "అంగ మిదిక్కాదీంగ." అక్కడ తొక్కవద్దు అని.

"ఎందుకు?" అని నేను కొట్టాను.

తర్వాత, "తెలియదు," అని వచ్చింది. ఆ వెంటనే, "ఈ పటం నీకు ఎవరిచ్చారు?" అని వచ్చింది. నేను బదులు కొట్టేలోగా అతను ఆగిపోయాడు. ఆకుపచ్చ కాయ ఆ గడి అంచున నిలబడి ఉంది, పేరు వెలుగుతూ ఉంది, ఎంత పిలిచినా పలకలేదు. లైను తెగిందని అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

అప్పుడు చెప్పాను అవ్వకు. తెర దగ్గరికి పిలిచి, వేలు పెట్టి చూపించి, "ఈడ నువ్వు చుక్క మరిచిపోయినావు కదా అవ్వా, ఎవురో తెలియని పిల్లోడు ఈడ తొక్కడంలే. చుట్టు తిరిగి పోతా ఉండాడు," అన్నాను.

అవ్వ తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగి ఆ గడిని చూసింది. చేత్తో తడిమింది.

"నేను మరిచిపోలే మే," అంది. "ఆడ నా పెద్దబిడ్డ ఉండాది."

నాయనే పెద్దవాడని నేను పుట్టినప్పటినుంచీ వింటూ వచ్చాను. ఆ మధ్యాహ్నం, కింద నాయన గురక వినబడుతుండగా, అవ్వ గొంతు తగ్గించి చెప్పింది. నాయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజు రాకముందే జబ్బు చేసింది. గొంతు పూడుకుపోయి, ఏడుపు బయటికి రాక, కీచుమని ఒక రకమైన సద్దు వచ్చేది. "ఈ డబ్బా ఏడస్తాదే, అచ్చం అట్లనే," అంది. రెండు రాత్రులు ఏడ్చి ఆగింది. బయట ముసురు. వీధిలో మోకాలి లోతు నీళ్లు. పురిటిబిడ్డను ఎలాగూ పూడ్చేదే కదా అని మగవాళ్లు పెరట్లోనే బావికి ఇవతల పూడ్చేశారు. గుర్తుకు రాయి కూడా పెట్టనివ్వలేదు అత్తగారు. పచ్చటి ఇంట్లో గుర్తులేంటి అంది. మరుసటేడు నాయన పుట్టాడు, ఇక ఆ మాట ఎత్తేవాళ్లు లేరు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల చెవిన పడితే బేరం చెడుతుందని నోరెత్తవద్దని ఆజ్ఞ.

"వచ్చినోళ్లకి తెల్వదు కదా," అంది అవ్వ. "బాయి కాడ బండి పెట్టుకొంటారో, బట్టలుతుక్కొంటారో. ఎవురు పడితే వాళ్లు తొక్కతా ఉంటారు. అది చూసుకోవాలనే మే, పెరడు పెరడని మీ నాయన్ని పీక్కతిన్నింది."

నాకు ఏడుపొచ్చింది. ఎన్ని ఆదివారాలు ఆమె ఈ డబ్బా ఏడుపు విని మెట్లెక్కి వచ్చిందో అప్పుడు తట్టింది.

అవ్వ నన్ను ఏడవనివ్వలేదు. "ఆ పిల్లోణ్ని అడుగు," అంది. "వాడికెట్ల తెలుసో అడుగు."

అడుగుదామంటే అతను రాలేదు. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అతని కాయను తీసేయడం నా చేతుల్లో పనే గాని అవ్వ ఒప్పుకోలేదు. నేను ప్రోగ్రాం తెరవగానే అది కనబడేది, నల్లటి పెరట్లో ఒంటరిగా, ఆ గడి అంచున. అవ్వ చాప మానేసి నా పక్కనే కుర్చీ వేసుకుంది. పొరలు కమ్మిన కళ్లతో ఆ ఆకుపచ్చ చుక్కనే చూస్తూ, "వచ్చినాడా?" అనేది. మిగతా ముగ్గురు పెరడు వదిలి మేడమీదికి పోదాం సార్ అని సతాయించారు. నేను కసిరాను. ఆ ఎండవేళల్లో, ఆ నిశ్శబ్దంలో, అతను అసలు ఉన్నాడా అనే అనుమానం నాకు మొదలైంది. మొహం చూడలేదు, గొంతు వినలేదు. ఎవరితో మాట్లాడాను నేను ఇన్నాళ్లూ? అవ్వ పక్కన ఉండబట్టి గాని, లేకపోతే ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని కాదు.

చివరికి ఒక ఆదివారం మిగతావాళ్లు రాకముందే ఆ కాయ కదిలింది. ఒక గడి వెనక్కి వేసింది. అవ్వ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ఎవరు?" అని కొట్టాడు.

"ఆట నడిపే మనిషిని," అన్నాను.

"మనిషివేనా?"

నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. నేను భయపడ్డ భయమే అతనూ పడుతూ కూర్చున్నాడు. ఇద్దరం మద్రాసుకు ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుని, అవతలిది దయ్యమని హడలిపోయాం. "మనిషినే. ఆడమనిషిని. నా పక్కన మా అవ్వ ఉంది," అని కొట్టాను. అతను ధైర్యం కూడగట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతి వాక్యం అవ్వకు తెలుగులో చదివి వినిపించాను.

అతనిది రాయపురం. పాత ఇల్లు ఒకటి నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చారు, వెనక వాటా వాళ్లది. మొదటి ఆదివారం నలుపు తొలగుతుంటే అతనికి వంకర నడవ కనబడింది. వాళ్ల ఇంట్లోనూ అదే వంకర. వాళ్ల ఇంట్లో ఇటుకలు పెట్టి మూసేసిన తలుపు నా పటంలో తెరిచి ఉంది. అతను పుట్టకముందే పూడ్చి, మీద సిమెంటు తొట్టి కట్టిన బావి నా పటంలో బావిగానే ఉంది. గోడమీద జాడ తప్ప మిగలని మెట్లు నా పటంలో పైకి పోతున్నాయి. "మా ఇల్లు చచ్చిపోకముందు ఎలా ఉండేదో నీ బల్లమీద అలా ఉంది," అన్నాడు. మా కుటుంబంలో ఎవరూ ఆ వీధి తొక్కకపోయినా, ఆదివారం ఆదివారం నేను అతని ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. వాళ్లమ్మతో చెబితే చేతికి తాయెత్తు కట్టించి, కంప్యూటరు మీద గుడ్డ కప్పేసిందట. ఆమెను ఒప్పించి మళ్లీ రావడానికి ఇన్నాళ్లు పట్టిందట.

"ఆ గడి ఎందుకు తొక్కలేదు?" అని అడిగాను.

"తొక్కలేదని నువ్వు అడిగేదాకా నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ తొక్కం. కాలికి అలవాటు. చేతికి కూడా వచ్చిందేమో."

"ఇంట్లో ఎందుకు తొక్కరు?"

పెరడంతా ఇప్పుడు సిమెంటు అన్నాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదు. అయినా బంతి ఆ చోట పడితే పిల్లలు కర్రతో లాక్కుంటారు. మోపెడు అవతల పెడతారు. వాటాలోకి కొత్తవాళ్లు దిగితే పాతవాళ్లు నీళ్లు ఏ వేళకు వస్తాయో, ఫ్యూజు ఎక్కడుందో చెప్పి, దానితోపాటు ఈ సంగతీ చెప్పి పోతారు. ఎవరో పడుకున్నారు అక్కడ, తొక్కకూడదు. ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్లమ్మ పొద్దున్నే పెరడు కడిగి ముగ్గు పెడుతుంది. ఆ ముగ్గులో అక్కడ ఒక చుక్క వదిలేస్తుంది.

ఆ చివరి వాక్యం పైకి చదవకుండా నాలో నేనే రెండుసార్లు చదువుకున్నాను. అవ్వ, "ఏమన్నాడు, చదువు," అని నా చేయి కుదిపింది. చదివాను.

"చుక్క వదలమని ఎవురు చెప్పినారో అడుగు," అంది.

అడిగాను. అతను లేచి వాళ్లమ్మను అడిగి వచ్చినట్టున్నాడు, కాయ కదలకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత వచ్చింది బదులు. ఇల్లు కొన్నావిడ చెప్పిందట, మొట్టమొదట. ఆమె ఇంట్లో దిగిన రోజున ఇల్లంతా ఖాళీ, చీపురు కూడా మిగల్చలేదు. పెరట్లో బావి దగ్గర మాత్రం ఆ పొద్దున పెట్టిన ముగ్గు ఉంది. చక్కటి ముగ్గు, మధ్యలో ఒక్క చుక్క లేదు. వెంట వచ్చినవాళ్లు మరిచిపోయినట్టున్నారు, పూర్తి చేద్దాం అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇంత బాగా పెట్టిన చెయ్యి మరిచిపోయే చెయ్యి కాదు, కావాలనే వదిలింది, మనమూ వదులుదాం అంది. కడుపుకోత ఎరిగిన మనిషి అయి ఉంటుంది ఆవిడ. ఆ పొద్దుటినుంచి ఆ ఇంట్లో ఏ ఆడమనిషి ముగ్గు పెట్టినా ఆ చుక్క పెట్టలేదు.

నేను చదవడం ఆపాను.

"ఆ పొద్దు పెట్టింది నేనే," అంది అవ్వ. "బండి ఎక్కమని అరస్తా ఉండారు బయట. నోరెత్తి చెప్పనీలే కదా నన్ను. అందుకని పెట్టినా." తర్వాత ఇంకాస్త మెల్లగా, "చూసినాది ఆ తల్లి," అంది.

అవ్వ ఆనాడు చెప్పకుండా చెప్పింది, ముక్కూమొహం ఎరగని ఆడది చూసి తెలుసుకుంది. అదే చేతి పని నా కాళ్ల దగ్గరే ఉంటే నేను చూపు తగ్గిందనుకుని గడి పూడ్చాను.

ఆ గడిని పటంలోంచి తీసేశాను. మట్టిరంగు పోయి తెరమీద చిన్న ఖాళీ మిగిలింది. ఆకుపచ్చ కాయ ఇంకో గడి వెనక్కి జరిగి నిలబడింది. కాసేపటికి మిగతా ముగ్గురూ వచ్చారు. పెరడు దాటేటప్పుడు ఒకరి వెనక ఒకరు ఆ ఖాళీ చుట్టూ తిరిగి పోయారు. ఎవరూ ఎందుకని అడగలేదు.

సాయంత్రం నేనే అన్నాను. "పోదామా అవ్వా? నాయన మాట నాయనది. ఆ పిల్లోడు వాళ్లమ్మతో చెప్తానన్నాడు. నేను తీసుకొనిపోతా."

ఇన్నేళ్లూ దానికోసమే కొట్టుకున్న మనిషి, తల అడ్డంగా ఊపింది. "ఎందుకులే మే. ఆడ చూసుకొనేటోళ్లు ఉండారు. ఇప్పుడు నేను పోతే లేస్తాది."

ఆ తర్వాతి ఆదివారం మోడెమ్ కూసినప్పుడు అవ్వ పైకి రాలేదు. కంగారుపడి కిందికి దిగి చూశాను. నడవలో చాపమీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. కూత మేడమీదినుంచి ఇంటినిండా వినబడుతోంది. అవ్వ ఒక చేత్తో, పక్కన ఖాళీగా ఉన్న చాపను మెల్లగా జోకొడుతోంది. కూత ఆగింది. ఇంకో రెండు దెబ్బలు కొట్టి, బిడ్డ నిద్రపోయిందన్నట్టు ఆమె చేయి కూడా ఆగింది.